నాలుగు బాక్సులు పెడితే యాంపు ఎర్ర లైటు వేసి ఆగిపోతోంది: వాట్లు చూడాలా, ఓమ్‌లు చూడాలా?

మూసీ_గట్టు
నల్లగొండ దగ్గర ఊరు మాది. యువజన సంఘం తరఫున సెకండ్ హ్యాండ్‌లో ఒక స్టీరియో యాంపు (యాంప్లిఫైయర్) తీసుకున్నాం. వెనక ఇట్లా రాసి ఉంది: 8 ఓమ్‌కు 300+300 వాట్లు, 4 ఓమ్‌కు 500+500 వాట్లు, కనీసం 4 ఓమ్. బాక్సులు నాలుగు, అన్నీ బేస్‌వే. ఒక్కో బాక్సులో రెండు 15 అంగుళాల స్పీకర్లు. మ్యాగ్నెట్ మీద స్టిక్కర్: 8 ఓమ్, 400 వాట్లు.

సైడుకు ఒక్క బాక్సు పెడితే గంటల తరబడి నడుస్తుంది. సైడుకు రెండు పెట్టి వాల్యూమ్ సగం దాటించామంటే ఎర్ర లైటు వెలిగి సౌండ్ ఆగిపోతుంది. కాసేపటికి దానంతట అదే వస్తుంది, మళ్ళీ పోతుంది. మొన్న ఒక బరాత్‌లో సరిగ్గా పెళ్ళికొడుకు గుర్రం దిగే టైముకు పోయింది.

యాంపు అమ్మిన షాపాయన లెక్క ఇది: ఎనిమిది స్పీకర్లు, ఒక్కోటి 400, మొత్తం 3200 వాట్లు, మీ యాంపు 1000 వాట్లే కాబట్టి చాలట్లేదు, 3000 వాట్లది కొనండి. అంత డబ్బు సంఘం దగ్గర లేదు. బతుకమ్మ దగ్గర పడుతోంది, అందరికీ టెన్షన్‌గా ఉంది. నిజంగా వాట్లు చాలకనేనా?

టంకం_పొగ
బాక్సు లోపల రెండు స్పీకర్లను ఎట్లా కలిపారు? సిరీసా (ఒకదాని వెనక ఒకటి), ప్యారలలా (పక్కపక్కన)? ముందు అది తెలియాలి. వెనక ప్లేటు విప్పి చూడు తమ్మీ.

దేవరకొండ_డెక్
షాపాయన చెప్పింది తప్పేమీ కాదు. యాంపు ఎప్పుడూ స్పీకర్ కంటే డబుల్ ఉండాలని మా దగ్గర అందరూ అంటారు. తక్కువ యాంపుతో ఎక్కువ స్పీకర్లు లాగిస్తే యాంపు ఆయాసపడుతుంది.

మైక్‌సెట్_మామ
డెక్కూ, యాంపు స్పీకర్ల వాట్లను చూడదు. స్టిక్కర్ మీద 400 అని రాసి ఉన్నా 4000 అని రాసి ఉన్నా దానికి తెలియదు. దానికి తెలిసేది ఒక్కటే, తన రెండు కొసల మధ్య ఎన్ని ఓమ్‌లు ఉన్నాయి, అంటే కరెంటుకు ఎంత అడ్డు ఉంది అనేది. 400 వాట్లంటే ఆ స్పీకర్ కాయిల్ తట్టుకోగల వేడి. అది లాక్కునే కరెంటు కాదు. 10 వాట్ల యాంపుకు 400 వాట్ల స్పీకర్ పెట్టు, హాయిగా పాడుతుంది, మెల్లగా.

ఓమ్స్_లా
మామ చెప్పినదానికి లెక్క చూపిస్తా. 4 ఓమ్‌కు 500 వాట్లు అంటే యాంపు ఇచ్చే వోల్టేజ్ సుమారు 45, కరెంటు 11 ఆంపియర్లు. అదే వోల్టేజ్ దగ్గర లోడు 2 ఓమ్ అయితే 22 ఆంపియర్లు కావాలి. ఈ యాంపు కనీసం 4 అని రాసుకుంది, అంటే ట్రాన్స్‌ఫార్మర్, ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు, హీట్ సింక్ అన్నీ ఆ 11 కోసం పెట్టినవే.

ఇంకో సంగతి గమనించండి. 8 ఓమ్‌కు 300 ఇచ్చేది 4 ఓమ్‌కు 600 ఇవ్వాలి, కానీ 500 అని రాశారు. 8 ఓమ్ దగ్గర 49 వోల్టులు ఉన్నది 4 ఓమ్ దగ్గర 45కు దిగిందన్నమాట. లోడు పెరిగితే లోపలి సప్లై కొంచెం కుంగుతుంది. నిజాయితీగా రాసిన లేబుల్ అది. సరిగ్గా రెండింతలు రాసి ఉంటే నేను అనుమానిస్తాను.

మూసీ_గట్టు
ప్లేటు విప్పాను. రెండు స్పీకర్ల ప్లస్‌లు ఒక దగ్గర, మైనస్‌లు ఒక దగ్గర కలిపి ఉన్నాయి. మల్టీమీటర్‌తో ఎట్లా చూడాలి?

టంకం_పొగ
అది ప్యారలల్, అట్లా రెండు కలిపితే ఓమ్‌లు సగమవుతాయి. యాంపు వైపు వైరు పూర్తిగా తీసెయ్. మీటరు 200 ఓమ్ రేంజ్‌లో పెట్టి ముందు రెండు కొసలను ఒకదానికొకటి తాకించు, 0.2 లాంటిది ఏదో చూపిస్తుంది, అది మీటరు వైర్లది, తీసెయ్యాలి. తర్వాత బాక్సు సాకెట్ దగ్గర చూడు. తర్వాత రెండు బాక్సులు లింకు చేసి, యాంపుకు పెట్టే కొస దగ్గర చూడు.

మీటరు చూపేది డీసీ రెసిస్టెన్స్, స్టిక్కర్ మీద ఉన్నది ఇంపెడెన్స్, అంటే పాట మోగేటప్పటి అడ్డు. 8 ఓమ్ స్పీకర్ మీటరులో 6 చిల్లర చూపిస్తుంది, 4 ఓమ్‌ది 3 చిల్లర. 6 వచ్చిందని కంగారుపడకు.

మూసీ_గట్టు
మీటరు వైర్లది తీసేస్తే ఒక బాక్సు 3.1. రెండు కలిపి 1.6.

టంకం_పొగ
దొరికింది. ఒక బాక్సు 4 ఓమ్. రెండు కలిపితే 2 ఓమ్. కనీసం 4 అని రాసిన యాంపుకు 2 పెట్టారు. ఎర్ర లైటు దాని పని అది సరిగ్గా చేసింది, లేకపోతే ఈ పాటికి ట్రాన్సిస్టర్లు షార్ట్ అయిపోయేవి.

మైక్‌సెట్_మామ
అదీ సంగతి. షాపాయన చెప్పిన 3000 వాట్ల యాంపు కొన్నా, దాని వెనక కూడా కనీసం 4 ఓమ్ అనే రాసి ఉంటే ఇదే ఎర్ర లైటు అక్కడా వెలుగుతుంది. డబ్బు పోయి రోగం అట్లాగే ఉంటుంది. 2 ఓమ్‌కు ఇన్ని వాట్లు అని వెనక స్పష్టంగా రాసి ఉన్నదైతే వేరే మాట.

బీటెక్_బాబు
ఒక డౌట్. మాక్సిమమ్ పవర్ ట్రాన్స్‌ఫర్ థియరమ్ ప్రకారం సోర్స్ ఇంపెడెన్స్, లోడ్ ఇంపెడెన్స్ సమానంగా ఉంటేనే పూర్తి పవర్ వెళ్తుంది కదా. అప్పుడు 4 ఓమ్ యాంపుకు 4 ఓమే పెట్టాలి, 8 పెట్టినా తప్పే. మ్యాచింగ్ అంటే అదే కదా?

ఓమ్స్_లా
మంచి ప్రశ్న. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆ థియరమ్ సోర్స్ ఇంపెడెన్స్‌ను మనం మార్చలేనప్పుడు వర్తిస్తుంది. యాంటెన్నా, రేడియో లైన్ల దగ్గర దానితో పని. ట్రాన్సిస్టర్ యాంపు సొంత ఔట్‌పుట్ ఇంపెడెన్స్ 4 ఓమ్ కాదు. డ్యాంపింగ్ ఫ్యాక్టర్ (8 ఓమ్ స్పీకర్ యాంపు సొంత ఓమ్‌లకు ఎన్ని రెట్లో చెప్పే అంకె) 200 అని రాసి ఉంటే 8ని 200తో భాగించు: 0.04 ఓమ్. నీ థియరమ్ పాటించి 0.04 ఓమ్ స్పీకర్ పెడతావా? పెడితే అది షార్ట్ సర్క్యూటే. పైగా రెండూ సమానమైతే సగం పవర్ యాంపు లోపలే వేడిగా పోతుంది. వెనక రాసిన 4 ఓమ్ అనేది 'ఇంతకంటే కిందికి రావద్దు' అనే గీత. పైన 8 పెట్టు, 16 పెట్టు, యాంపుకు ఇంకా సుఖం. పవర్ తగ్గుతుంది, అంతే.

బీటెక్_బాబు
మరి పాత వాల్వ్ యాంపులకు 4, 8, 16 అని వేరువేరు టెర్మినల్స్ ఎందుకు ఉంటాయి?

మైక్‌సెట్_మామ
వాటి లోపల ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది బాబూ. ఏ టెర్మినల్‌కు ఆ ఓమ్ పెట్టాలి. వాల్వ్ యాంపును లోడు లేకుండా ఫుల్లుగా నడిపితే ఆ ట్రాన్స్‌ఫార్మరే పోయే ప్రమాదం ఉంది. ట్రాన్సిస్టర్ యాంపుకు ఉల్టా, లోడు లేకపోతే ఏమీ కాదు, షార్ట్ అయితేనే చస్తుంది. గుళ్ళల్లో, పంచాయతీల్లో ఉండే మైక్‌సెట్ యాంపులకు ఇప్పటికీ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, అందుకే వాటి వెనక 4, 8, 16, 70 వోల్ట్, 100 వోల్ట్ అని అన్ని టెర్మినల్స్ కనిపిస్తాయి.

గద్వాల_గల్లీ
మా వోడు ఒకడు నాలుగు టెర్మినల్స్ ఉన్నాయని నాలుగింటికీ నాలుగు హార్న్‌లు పెట్టాడు. ఒక్కోదానికి ఒక్కో హార్న్ అనుకున్నాడట 😄

మూసీ_గట్టు
ఇప్పుడు నేను ఏం చేయాలి? నాలుగు బాక్సులూ ఉన్నాయి, యాంపు ఒక్కటే.

టంకం_పొగ
రెండు దారులు.

ఒకటి, ఖర్చు లేనిది. బాక్సు లోపల స్పీకర్లను సిరీస్ చెయ్. సాకెట్ ప్లస్ నుంచి మొదటి స్పీకర్ ప్లస్‌కు, మొదటి దాని మైనస్ నుంచి రెండో దాని ప్లస్‌కు, రెండో దాని మైనస్ నుంచి సాకెట్ మైనస్‌కు. అప్పుడు 8, 8 కూడి బాక్సు 16 ఓమ్. సైడుకు రెండు బాక్సులు లింకు చేస్తే 8 ఓమ్. యాంపు నిశ్చింతగా ఉంటుంది. మూసే ముందు 9 వోల్టుల బ్యాటరీ ఒక్క క్షణం తాకించి చూడు, రెండు కోన్‌లూ ఒకేసారి బయటికి రావాలి. ఒకటి బయటికి, ఒకటి లోపలికి పోతే వైర్లు తిరగబడ్డట్టు, బేస్ మొత్తం కొట్టుకుపోతుంది.

రెండు, ఇట్లాంటిదే ఇంకో యాంపు. ఒక్కో చానల్‌కు ఒక్కో బాక్సు, 4 ఓమ్. డబ్బులు ఉన్నప్పుడు.

దేవరకొండ_డెక్
సిరీస్ వద్దన్నా. 8 ఓమ్‌కు వచ్చేది 300 వాట్లే. నాలుగు స్పీకర్లు పంచుకుంటే ఒక్కోదానికి 75. 400 వాట్ల స్పీకర్‌కు 75 వాట్లు ఏ మూలకు? ఇప్పుడు ఒక్క బాక్సు పెడితేనే ఒక్కో స్పీకర్‌కు 250 పోతోంది. నాలుగు బాక్సులు మోసి సౌండ్ తగ్గించుకున్నట్టు అవుతుంది.

ఓమ్స్_లా
తగ్గదు, చూడు డెక్. ఒక సైడు తీసుకుందాం. ఒక్క బాక్సు: రెండు స్పీకర్లు, మొత్తం 500 వాట్లు. సిరీస్ చేసిన రెండు బాక్సులు: నాలుగు స్పీకర్లు, మొత్తం 300 వాట్లు. 500 నుంచి 300కు దిగితే పోయేది సుమారు 2 డెసిబెల్స్. కానీ స్పీకర్లు రెట్టింపు అయి, బాక్సులు ఒకదానిపక్కన ఒకటి ఆనించి పెడితే, అదే పవర్‌కు బేస్ 3 డెసిబెల్స్ పెరుగుతుంది. కోన్‌ల విస్తీర్ణం పెరిగింది కదా. పోయింది 2, వచ్చింది 3. బేస్ కొంచెం ఎక్కువే వస్తుంది. పైగా ఒక్కో కాయిల్‌కు పడే వేడి మూడో వంతు కంటే తక్కువ, రాత్రంతా నడిపినా స్పీకర్ చల్లగా ఉంటుంది.

బాక్సులు దూరదూరంగా పెడితే ఈ లాభం చాలా వరకు పోతుంది. స్టేజీకి ఈ పక్కన రెండు ఒక దగ్గర, ఆ పక్కన రెండు ఒక దగ్గర.

దేవరకొండ_డెక్
సరే, లెక్క ఒప్పుకుంటా. కానీ సిరీస్‌లో బేస్ బురదగా వస్తుందని మా మెకానిక్ అంటాడు.

టంకం_పొగ
వేరువేరు స్పీకర్లను సిరీస్ చేస్తే ఆయన మాట నిజం. ఒకటి ఒక కంపెనీది, ఇంకొకటి ఇంకో కంపెనీది అయితే ఒక్కో స్వరం దగ్గర వోల్టేజ్ ఒకదానికి ఎక్కువ, ఒకదానికి తక్కువ పోతుంది. ఒకే మోడల్, ఒకే బాక్సు, ఒకే సైజు చాంబర్ అయితే రెండింటికీ సమానంగా పోతుంది, తేడా వినపడదు. సిరీస్‌కు ఉన్న అసలు ఇబ్బంది వేరు: ఒక కాయిల్ తెగితే రెండోది కూడా మూగబోతుంది.

ఇంకో జాగ్రత్త, చదివే వేరేవాళ్ళ కోసం. మూసీవి బేస్ బాక్సులు కాబట్టి సరిపోయింది. బాక్సు లోపల ట్వీటర్ (సన్న శబ్దాల చిన్న స్పీకర్), శబ్దాన్ని దానికీ బేస్‌కూ పంచే క్రాసోవర్ బోర్డు ఉంటే ఇట్లా సిరీస్ చేయొద్దు. ఆ బోర్డు మీది కాయిల్, కండెన్సర్ 4 ఓమ్ లెక్కతో పెట్టి ఉంటాయి. 16 చేస్తే క్రాసోవర్ పడే చోటు జరిగిపోయి సౌండ్ గందరగోళం అవుతుంది.

మిర్యాలగూడ_మిక్సర్
యాంపు చిన్నది, స్పీకర్ పెద్దది అయితే స్పీకర్ సేఫ్ అని చాలామంది అనుకుంటారు. మా షాపుకు కాలిపోయి వచ్చే వాటిలో చిన్న యాంపులతో కాలినవే ఎక్కువ. కోన్‌ను మెల్లగా వేళ్ళతో నొక్కితే గరగర అంటుంది. ఊడదీసి చూస్తే రాగి రంగులో మెరవాల్సిన కాయిల్ నల్లగా మాడి, చుట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. వార్నిష్ మాడిన వాసన గది నిండా. మెకానికల్‌గా చిరిగింది వేరు, ఇది వేరు. ఇది పూర్తిగా వేడి.

దేవరకొండ_డెక్
చూశారా, నేను చెప్పింది అదే. చిన్న యాంపు స్పీకర్లను కాలుస్తుంది. అందుకే డబుల్ ఉండాలి.

ఓమ్స్_లా
ఎందుకు కాలుస్తుందో తెలిస్తేనే ఆ మాట ఎంతవరకు నిజమో తెలుస్తుంది. 100 వాట్ల యాంపు అంటే చక్కటి సైన్ వేవ్‌కు 100. మిక్సర్ గెయిన్ పెంచుతూ పోతే వేవ్ తలలు, అడుగులు కత్తిరించినట్టు చదునవుతాయి. పూర్తిగా చదునై స్క్వేర్ వేవ్ అయిందంటే అదే యాంపు 200 వాట్ల దాకా ఇవ్వగలదు. దానికి తోడు మామూలు పాటలో ఎత్తుపల్లాలు ఉంటాయి, సగటు పవర్ గరిష్ఠంలో పదో వంతు దగ్గర తిరుగుతుంది. కత్తిరింపు మొదలయ్యాక ఆ పల్లాలు పూడిపోతాయి, సగటు చాలా పెరుగుతుంది. కాయిల్‌ను కాల్చేది ఆ సగటు. కత్తిరించిన అంచుల నుంచి పుట్టే పై శబ్దాలు నేరుగా ట్వీటర్‌కు పోతాయి, అందుకే ముందు ట్వీటర్ పోతుంది.

కాబట్టి చిన్న యాంపు దానంతట అది స్పీకర్‌ను చంపదు. కత్తిరింపు మొదలైందని చెప్పే క్లిప్ లైటు ఆగకుండా వెలుగుతున్నా నాబ్ తిప్పేవాళ్ళు ఉంటేనే చస్తుంది. పెద్ద యాంపు కూడా అంతే, స్పీకర్ తట్టుకునే దానికంటే ఎక్కువ ఇస్తే కాలుతుంది. డబుల్ యాంపు పెట్టి క్లిప్ లైటు వరకు తోస్తే 400 వాట్ల స్పీకర్‌లోకి 800 పోతాయి.

మైక్‌సెట్_మామ
నా పద్ధతి: యాంపు స్పీకర్ ఆర్‌ఎంఎస్‌కు (నిలకడగా తట్టుకునే వాట్లకు) సమానం నుంచి ఒకటిన్నర రెట్ల లోపు, అదీ నాబ్ దగ్గర నేను ఉంటేనే. నాబ్ పిల్లల చేతికి ఇచ్చే చోటయితే సమానానికి మించి పెట్టను, సౌండ్ గీత దాటకుండా ఆపే లిమిటర్ తప్పనిసరి. క్లిప్ లైటు డోలు దెబ్బకు అప్పుడప్పుడు మిణుకుమంటే ఫర్వాలేదు. వెలిగి ఉండిపోయిందంటే తగ్గించాలి. ఎవరెంత అరిచినా తగ్గించాలి.

గద్వాల_గల్లీ
పెళ్ళికొడుకు మేనమామ వచ్చి సౌండ్ పెంచమంటే ఏం చెప్పాలి మామా?

మైక్‌సెట్_మామ
మిక్సర్‌లో వాడని చానల్ ఒకటి ఉంటుంది కదా, దాన్ని పెంచి చూపించు. తృప్తిగా పోతాడు.

వనపర్తి_వైరు
వాట్లు అంటే ఆర్‌ఎంఎస్ వాట్లే చూడండి దయచేసి. పీఎంపీవో అని వేలల్లో రాసేదానికి అర్థం లేదు, దాన్ని కొలవడానికి ఒప్పుకున్న పద్ధతి అంటూ ఏదీ లేదు. లేబుల్ మీద ఏ ఓమ్ దగ్గర ఎన్ని వాట్లు అని జంటగా రాసి లేకపోతే ఆ సంఖ్యను పక్కన పెట్టడం మంచిది.

ఇంకొకటి ఎవరూ అడగలేదు. మూసీ, యాంపు నుంచి బాక్సుకు వైరు ఎంత దూరం, ఎంత లావు?

మూసీ_గట్టు
స్టేజీ వెనక యాంపు, దూరం బాక్సుకు 30 మీటర్లు ఉంటుంది. ఇంటి వైరింగ్‌కు వాడే 1 స్క్వేర్ ఎంఎం.

వనపర్తి_వైరు
అదిగో. 1 స్క్వేర్ ఎంఎం రాగి వైరు కిలోమీటరుకు దగ్గరదగ్గర 18 ఓమ్‌లు. 30 మీటర్లు పోవాలి, 30 రావాలి, మొత్తం 60. అంటే 1.1 ఓమ్. 4 ఓమ్ బాక్సు ముందు 1.1 వైరు ఉంటే యాంపు ఇచ్చే పవర్‌లో ఐదో వంతు వైరును వేడి చేయడానికే పోతుంది. 2.5 స్క్వేర్ ఎంఎం పెడితే 0.44 ఓమ్, పదో వంతు. నువ్వు సిరీస్ చేసి సైడుకు 8 ఓమ్ చేస్తే నష్టం ఇంకా సగానికి పడుతుంది. సిరీస్‌కు ఇదో లాభం, పైన ఎవరూ చెప్పలేదు.

యాంపును బాక్సుల దగ్గరే పెట్టి, మిక్సర్ నుంచి బ్యాలెన్స్‌డ్ కేబుల్ (దూరం పోయినా గుర్రు పట్టని సిగ్నల్ వైరు) పొడుగ్గా లాగడం అన్నిటికంటే మంచిది. సిగ్నల్ వైరులో కరెంటు చాలా కొద్దిగానే ఉంటుంది కాబట్టి పోయేది లెక్కలోకి రాదు.

నాగర్‌కర్నూల్_నాబ్
ఊళ్ళల్లో కరెంటు సంగతి కూడా చూడాలి. పండగ రోజు సాయంత్రం లోడు ఎక్కువై మా వీధిలో 190 వోల్టులకు దిగుతుంది. మామూలు ట్రాన్స్‌ఫార్మర్ యాంపులో లోపలి డీసీ కూడా అదే లెక్కన దిగుతుంది. 230లో 190 అంటే పవర్ మూడింట రెండొంతులే మిగులుతుంది. 500 వాట్ల యాంపు 340 దగ్గరే కత్తిరించడం మొదలుపెడుతుంది. పొద్దున టెస్టింగ్‌లో బాగా మోగింది, సాయంత్రం పగిలినట్టు వస్తోంది అనేవాళ్ళకు చాలాసార్లు కారణం ఇదే. ప్లగ్గు దగ్గర వోల్టేజ్ చూసుకోండి.

కోఠి_కొనుగోలు
ఇది మూసీకి కాదు, ఇంట్లో బోర్డులు చేసుకునేవాళ్ళకు. కోఠి గుజరాతీ గల్లీలో టీడీఏ 7294 అనే యాంపు ఐసీ బోర్డు, 24-0-24 ట్రాన్స్‌ఫార్మర్ కలిపి అమ్ముతారు. ఇంట్లో 4 ఓమ్ స్పీకర్ ఉంటే ఐసీ కాలి చేతికి వస్తుంది. కారణం ఇదే ఓమ్‌ల గొడవ. 24-0-24 డీసీ చేస్తే ప్లస్ మైనస్ 33, 34 వోల్టులు. ఆ ఐసీ డేటాషీట్ 8 ఓమ్‌కు 35 దాకా ఒప్పుకుని 70 వాట్లు ఇస్తానంటుంది, కానీ 4 ఓమ్‌కు అదే 70 వాట్లను 27 వోల్టులకే చెబుతుంది. 4 ఓమ్ స్పీకర్ అయితే 20-0-20 ట్రాన్స్‌ఫార్మర్ తీసుకోండి. వోల్టేజ్ తగ్గినా వాట్లు తగ్గవు.

బీటెక్_బాబు
ఇది నాకు చాలా ఉపయోగపడింది. మా ప్రాజెక్ట్ బోర్డు చేయి పెట్టలేనంత వేడెక్కుతోంది, సరిగ్గా 24-0-24, 4 ఓమ్. ఈ వారమే మారుస్తా.

మిర్యాలగూడ_మిక్సర్
బ్రిడ్జ్ మోడ్ గురించి కూడా ఒక మాట. మూసీ యాంపు వెనక బ్రిడ్జ్ స్విచ్ ఉంటే దాని జోలికి పోవద్దు. బ్రిడ్జ్‌లో రెండు చానల్స్ కలిసి ఒకే లోడును రెండు వైపుల నుంచి లాగుతాయి, ఒక్కో చానల్‌కు సగం ఓమ్‌లే కనిపిస్తాయి. 4 ఓమ్ బాక్సు పెడితే ఒక్కో చానల్‌కు 2. కనీసం 4 అని రాసిన యాంపుకు బ్రిడ్జ్‌లో కనీసం 8 కావాలి.

మూసీ_గట్టు
నాలుగు బాక్సులూ సిరీస్ చేశాం. మీటరులో బాక్సు 12.5, రెండు కలిపితే 6.3. యాంపును బాక్సుల పక్కకు జరిపాం, 2.5 వైరు తెచ్చాం. నిన్న రాత్రి గుడి దగ్గర ట్రయల్ వేశాం. ఎర్ర లైటు రాలేదు, యాంపు మీద చేయి పెడితే గోరువెచ్చగా ఉంది. ఆడవాళ్ళు ఆడే జాగా అంతా బేస్ సరిపోయింది. రెండు బాక్సులు ఆనించి పెట్టినప్పటి తేడా అయితే అందరికీ తెలిసింది.

దేవరకొండ_డెక్
సంతోషం. ఆనించి పెట్టడం నేను కూడా చూస్తా. రాత్రి 10 దాటితే లౌడ్ స్పీకర్ బంద్ చేయాలి, పోలీసోళ్ళు వచ్చేదాకా ఆగకండి.

పాలమూరు_హార్న్
ఈ చర్చలోనే అడుగుతున్నా, కొత్తది పెట్టట్లేదు. మాది మహబూబ్‌నగర్ జిల్లా, గుడి మైక్‌సెట్. 250 వాట్ల యాంపు, మామ చెప్పినట్టు వెనక అన్ని టెర్మినల్స్ ఉన్నాయి. హార్న్‌లు నాలుగు, ఒక్కో యూనిట్ 16 ఓమ్. రెండు గుడి మీద, రెండు ఊరి ఆ కొసన, 300 మీటర్లు ఉంటుంది. అన్నీ ప్యారలల్ చేసి 4 ఓమ్ టెర్మినల్‌కు కలిపారు. గుడి మీదవి చెవులు పగిలేట్టు, ఊరి చివరివి పీలగా. పెంచితే గుడి పక్క ఇళ్ళవాళ్ళు కొట్లాటకు వస్తున్నారు.

మైక్‌సెట్_మామ
నాలుగు 16లు ప్యారలల్ అంటే 4. టెర్మినల్ సరైనదే. చంపుతున్నది వైరు. వనపర్తీ, లెక్క నువ్వే చెప్పు.

వనపర్తి_వైరు
1 స్క్వేర్ ఎంఎం అనుకుంటే 300 మీటర్లకు పోను రాను 600, దాదాపు 11 ఓమ్. ఒక్కో హార్న్‌కు వేరే వైరు లాగినా 16 ముందు 11 ఉన్నట్టు, ఆ లైన్లో పోయే పవర్‌లో 40 శాతం వైరుకే. రెండూ ఒకే వైరు మీద ఉంటే 8 ముందు 11, సగం కంటే ఎక్కువ దారిలోనే పోతుంది. ఇంత దూరానికి ఓమ్ టెర్మినల్స్ పనికిరావు, 100 వోల్ట్ లైను వాడాలి.

మైక్‌సెట్_మామ
ప్రతి హార్న్ దగ్గర ఒక లైన్ మ్యాచింగ్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. దాని మీద 10, 20, 30 వాట్లు ఇట్లా ట్యాపులు ఉంటాయి. 30 వాట్ల ట్యాపు 100 వోల్టుల లైనుకు 333 ఓమ్‌లుగా కనిపిస్తుంది. ఇప్పుడు వైరులో 11 ఓమ్ ఉన్నా పెద్దగా లెక్కలోకి రాదు, వందకు మూడు దగ్గరే పోతుంది, రెండు హార్న్‌లూ ఒకే వైరు మీద ఉంటే ఆరు. కరెంటు స్తంభాల మీద వోల్టేజ్ పెంచి పంపి ఊళ్ళో దించుకుంటారు చూడు, అదే పద్ధతి.

ఇక్కడ ఓమ్‌లు కూడటం అక్కర్లేదు, వాట్లు కూడితే చాలు. షాపాయన లెక్క పనికొచ్చేది ఈ ఒక్క చోటే. ఊరి చివరి రెండూ 30 ట్యాపు, గుడి మీద రెండూ 10 ట్యాపు పెట్టు. మొత్తం 80. 250 వాట్ల యాంపుకు బోలెడంత ఖాళీ. ఇళ్ళవాళ్ళ గొడవా పోతుంది, ఊరి చివరకూ వినపడుతుంది.

పాలమూరు_హార్న్
గుడి మీదవి 4 ఓమ్ టెర్మినల్‌కు అట్లాగే ఉంచి, దూరంవి మాత్రమే 100కు మార్చవచ్చా?

మైక్‌సెట్_మామ
వద్దు. ఆ టెర్మినల్స్ అన్నీ ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీదివి. గుడి మీది రెండు 16లు 8 ఓమ్ అవుతాయి, 4 టెర్మినల్ మీద యాంపులో సగం పవర్ అవే లాగేస్తాయి. వాటిని తగ్గించే దారే ఉండదు నీకు. అన్నిటినీ 100 మీదికి తెచ్చుకో.

ట్రాన్స్‌ఫార్మర్ లేని హార్న్‌ను పొరపాటున కూడా 100 టెర్మినల్‌కు తగిలించొద్దు. 16 ఓమ్‌కు 100 వోల్టులంటే 625 వాట్లు, ఫుల్లుగా మోగిన క్షణమే డయాఫ్రం పోతుంది. ఆ లైను షాక్ కూడా కొడుతుంది, జాయింట్లకు టేపు గట్టిగా చుట్టండి, పని చేసేటప్పుడు యాంపు ఆఫ్ చేసి ఉంచండి.

ఓమ్స్_లా
హార్న్ యూనిట్‌కు లావు శబ్దాలు పడవు. యాంపు మీద బేస్ నాబ్ పూర్తిగా తగ్గించేయ్. మంత్రం, మాట స్పష్టంగా వినపడతాయి, డయాఫ్రం ఎక్కువ కాలం నిలుస్తుంది.

పాలమూరు_హార్న్
ట్రాన్స్‌ఫార్మర్లు నాలుగు రేపే తెప్పిస్తా. యాంపు దగ్గర ఏ రెండు కొసలు వాడాలి?

టంకం_పొగ
కామన్ అని రాసింది ఒకటి, 100 వోల్ట్ అని రాసింది ఒకటి. నాలుగు హార్న్‌లకూ కామన్ వైరు ఒకే రంగు పెట్టు, గుడి మీది రెండు హార్న్‌లు ఒకదాని శబ్దాన్ని ఒకటి కొట్టేసుకోకుండా ఉంటాయి. ట్రాన్స్‌ఫార్మర్లను వాన తగలకుండా ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, వైరు డబ్బా అడుగు నుంచి లోపలికి పోనివ్వు. పై నుంచి పెడితే వైరు వెంట నీళ్ళు దిగుతాయి.